వైజాగ్ కుళాయి నీళ్ల మొదలు ఎక్కడ? కిందికి నీళ్లిచ్చే మన్యం కొండ ఊళ్లకే కటకట ఎందుకు?

విశాఖపట్నంలో పొద్దున్నే కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి. ఎక్కడివి ఈ నీళ్లు అంటే, కొంచెం తెలిసినవాళ్లు తాటిపూడి అంటారు, రైవాడ అంటారు. నిజమే. మరి తాటిపూడి రిజర్వాయర్‌కి ఎక్కడి నుంచి వస్తున్నాయి? గోస్తనీ నది నుంచి. గోస్తనీకి? అనంతగిరి కొండల నుంచి. వానాకాలంలో అయితే వాన నీళ్లు అనుకోవచ్చు. కానీ వానలు ఆగిపోయిన మూడు నాలుగు నెలల తర్వాత, ఫిబ్రవరిలో కూడా ఆ ఏట్లో నీళ్లు కదులుతూనే ఉంటాయి కదా. ఆ నీళ్లు ఎవరిచ్చినట్టు?

ఊటలు. కొండ వాలులో రాళ్ల సందుల్లోంచి, చెట్ల వేళ్ల కింద నుంచి సన్నగా కారే నీళ్లు. ఒక్కొక్కటి చూస్తే మన వీధి కుళాయి ధారంత కూడా ఉండదు. అలాంటివి వందల కొద్దీ కలిస్తే ఒక గెడ్డ. గెడ్డలు కలిస్తే గోస్తనీ, శారద. బొర్రా గుహలు చూసొచ్చిన వాళ్లు అక్కడ కింద పారే నీళ్లు చూసే ఉంటారు. అదే గోస్తనీ. అక్కడి నుంచి తాటిపూడి మీదుగా భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది.

చిత్రం ఏంటంటే, ఆ ఊట పక్కనే ఉన్న ఊరికి మాత్రం చాలాచోట్ల ఇప్పటికీ కుళాయి లేదు. పాడేరు, అనంతగిరి, హుకుంపేట, జి.మాడుగుల, చింతపల్లి.. అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఏ మండలం తీసుకున్నా పది ఇళ్లు, ఇరవై ఇళ్ల కొండ ఊళ్లు కనిపిస్తాయి. అక్కడి ఆడవాళ్లు బిందె మీద బిందె పెట్టుకుని వాలు దిగి, మళ్లీ ఎక్కి వస్తారు. ఎండాకాలం వచ్చిందంటే టీవీల్లో ఆ బిందెల క్యూలు, చెలమలో గిన్నెతో తోడుకునే దృశ్యాలు ఏటా మామూలే. రెండు నిమిషాల వీడియోలో కనిపించనిది ఒకటుంది. ఆ ఊట అసలు ఎలా పుట్టింది, ఎందుకు సన్నబడుతోంది, మళ్లీ పుంజుకోవాలంటే ఏం చేయాలి అన్నది. అదే ఇప్పుడు చూద్దాం.

కొండలో నీళ్లు ఎలా దాక్కుంటాయి?

ఒక పీటను కొంచెం వాలుగా పెట్టండి. దానిమీద గోనెసంచి మడతపెట్టి వేసి, పైనుంచి రెండు చెంబుల నీళ్లు పోయండి. కొంత నీరు వెంటనే పక్కలకు జారిపోతుంది. మిగతాది సంచి పీల్చుకుంటుంది. మీరు పోయడం ఆపేసినా, పీట కింది అంచు దగ్గర చాలాసేపు చుక్కలు పడుతూనే ఉంటాయి. కొండ ఊట అంటే దాదాపు ఇదే. సంచి అంటే నీటిని పీల్చుకునే పై పొర. పీట అంటే నీటిని కిందికి పోనివ్వని గట్టి రాయి, లేదా బంకమట్టి. ఆ రెండూ కలిసే గీత కొండ వాలులో ఎక్కడ బయటపడితే అక్కడ నీళ్లు బయటికొస్తాయి.

మన తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉండేవి ఖొండలైట్, చార్నొకైట్ అనే రాళ్లు. ఖొండలైట్ అనే పేరే ఇక్కడి ఖోండు గిరిజనుల పేరు మీద వచ్చింది. ఈ రాళ్లు లోపల గట్టిగా ఉన్నా, లక్షల ఏళ్ల ఎండావానలకు పైభాగం మెత్తబడి పొరలు పొరలుగా విడిపోయింది. దాంట్లోకి నీళ్లు దిగుతాయి. ఇంకా పైన, ఎత్తయిన కొండల నెత్తి మీద, ఎర్రటి లేటరైట్, బాక్సైట్ పొర ఉంటుంది. టోపీ పెట్టినట్టు. చిన్న చిన్న రంధ్రాలతో నిండిన రాయి అది. దాని కింద తెల్లటి బంకమన్ను లాంటి పొర. పైన గోనెసంచి, కింద పీట అన్నమాట. గాలికొండ, జెర్రెల, సప్పర్ల, గూడెం వైపు కొండల్లో బాక్సైట్ మాట వచ్చిన ప్రతిసారీ గిరిజనులు ముందుగా నీళ్ల గురించి ఎందుకు మాట్లాడతారో ఇప్పుడు అర్థమవుతుంది. ఆ సంగతి మళ్లీ వద్దాం.

ఇంకో రకం ఊటలు కూడా ఉన్నాయి. రాతిలో పడిన పగుళ్ల వెంట నీళ్లు ప్రయాణం చేసి, ఎక్కడో దూరాన బయటపడతాయి. వీటితోనే తంటా. ఎందుకంటే మీ ఊరి ఊటకు నీళ్లు మీ ఊరి పైనున్న కొండ నుంచే రావాలని రూలేం లేదు. రాతి పొరలు ఎటు వాలి ఉంటే అటు వస్తాయి. శిఖరానికి అవతలి వైపు, వేరే పంచాయతీలో కురిసిన వాన మీ ఊటలో తేలొచ్చు.

ఊట అనే మాట ఉత్తరాంధ్రలో ఎక్కువ. రాయలసీమ, తెలంగాణ వైపు బుగ్గ అంటారు. నల్లమల అంచున మహానంది కోనేరు చూసిన వాళ్లకు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. ఏడాది పొడవునా కోనేట్లో తేటగా నీళ్లు ఊరుతూ, బయటికి పారి అరటి తోటలను తడుపుతూనే ఉంటాయి. అక్కడ ఊట గుడి అయింది, ఊరు అయింది, పంట అయింది. మన్యంలో అంత పెద్దవి అరుదు. చిన్నవే, కానీ చాలా ఎక్కువ.

ఊరు ముందా? ఊట ముందా?

ఏజెన్సీలో ఏ పాత ఊరు చూసినా ఇళ్లకు అటో ఇటో ఊట ఉంటుంది. అది యాదృచ్ఛికం కాదు. నీళ్లు చూసుకునే ఊరు వేశారు. బగత, కొండదొర, వాల్మీకి, ఖోండు, పోర్జ, గదబ.. ఎవరి ఊరైనా అంతే. ఊట నుంచి తాగడానికి తోడుకుంటారు. దాని దిగువన స్నానాలు, బట్టలు. ఇంకా దిగువన పశువులు. ఆ తర్వాత మెట్లు మెట్లుగా చెక్కిన వరి మడులు. ఎవరూ బోర్డు పెట్టని ఏర్పాటు ఇది. ఒడిశాలోని కొరాపుట్ వైపు ఇలా ఊట నీళ్లు పారే పల్లపు పొలాలను ఝోలా అంటారు. రెండో పంటకు ఆధారం ఆ పొలాలే.

పోడు పనికి వెళ్లేవాళ్లు ఎండబెట్టిన ఆనపకాయ బుర్రలో ఊట నీళ్లు పట్టుకెళ్లేవారు. ఇప్పుడు ఆ చోట కూల్‌డ్రింక్ సీసాలు వచ్చాయి. నీళ్లు మాత్రం అవే.

ఇక్కడొక లెక్క వేద్దాం. జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం పల్లెలో మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలి. ఐదుగురున్న ఇంటికి 275 లీటర్లు. 15 లీటర్ల బిందెతో మోస్తే 18 బిందెలు. కొండ వాలులో రోజుకు 18 బిందెలు ఎవరు మోయగలరు? ఐదు మోస్తేనే నడుం పడిపోతుంది. అంటే ఆ ఇంట్లో మనిషికి దక్కేది 15 లీటర్లు. తాగడం, వండుకోవడం, గిన్నెలు కడగడం అన్నీ అందులోనే. చేతులు కడుక్కోమని, మరుగుదొడ్డి వాడమని పోస్టర్లు అంటించి వెళ్లిపోయే వాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి. నీళ్లు మోసుకొచ్చే ఊళ్లో మరుగుదొడ్డిలో రెండు చెంబులు ఎక్కువ పోయడమంటే, ఎవరో ఇంకోసారి కొండ దిగి ఎక్కాలి. ఆ ఎవరో దాదాపు ఎప్పుడూ ఆడమనిషే, లేదంటే బడికెళ్లాల్సిన పిల్ల.

బోరు వేస్తే అయిపోతుంది కదా?

అందరికీ ముందు తట్టే ఆలోచన ఇదే. మైదానంలో పనిచేసిన పద్ధతే కొండ మీద కూడా పనిచేస్తుందనుకుంటాం. మొదటి ఇబ్బంది, బోరు బండి ఆ ఊరిదాకా ఎక్కాలి. మనిషికి జబ్బు చేస్తే డోలీ కట్టి మోసుకెళ్లే ఊరికి బోరు లారీ ఎలా వెళ్తుంది? వెళ్లినా గట్టి రాతిలో పగులు తగిలితేనే నీళ్లు. పగులుకు రెండడుగులు పక్కన వేస్తే పొడిబోరు. నీళ్లు పడ్డా చాలాచోట్ల ఇనుము ఎక్కువై తుప్పు వాసన వస్తుంది, అన్నం రంగు మారుతుంది. దాంతో జనం బోరింగు వదిలేసి మళ్లీ ఊట దగ్గరికే వెళ్తారు. బయటి వాళ్లకు ఇది మొండితనంలా కనిపిస్తుంది. కాదు. ఆ నీళ్ల రుచి తెలిసినవాళ్లు చేసే పని అది.

ఇంకొకటి. కొన్ని సందర్భాల్లో ఊటకు నీళ్లు తెచ్చే పగులులోకే బోరు దిగుతుంది. అప్పుడు ఊట నీళ్లనే కరెంటు ఖర్చుపెట్టి పైకి తోడుతున్నట్టు. ఊట ఎండిపోతుంది, కరెంటు పోయిన రోజు రెండూ ఉండవు.

పైపు, ట్యాంకు, వాలు.. కరెంటు అక్కర్లేదు

మరి దారేంటి? ఏజెన్సీలో చాలా ఊళ్లలో ఇప్పటికే పనిచేస్తున్న పద్ధతి ఒకటుంది. విశాఖ జిల్లా నవనిర్మాణ సమితి లాంటి స్వచ్ఛంద సంస్థలు, ఐటీడీఏ, గ్రామీణ నీటి సరఫరా శాఖ వేర్వేరు సమయాల్లో ఈ పద్ధతిలో పనులు చేశాయి. ఊట ఊరి కంటే ఎత్తులో ఉంటే చాలు. ఊట చుట్టూ చిన్న కుండీ కట్టి, అందులోంచి పైపు వేసి, మధ్యలో ఇసుక ఫిల్టర్ పెట్టి, ఊళ్లో ట్యాంకులోకి వదిలేస్తారు. నీళ్లు వాటంతటవే దిగుతాయి. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు, డీజిల్ లేదు.

వినడానికి సింపుల్. చేయడంలోనే కిటుకులున్నాయి.

మొదటిది, ఊట దగ్గర సిమెంట్ పని. చాలాచోట్ల బోల్తా కొట్టేది ఇక్కడే. నీళ్లు ఎక్కువ నిల్వ ఉండాలని ఊట నోటి కంటే ఎత్తుగా గోడ కట్టేస్తారు. కుండీలో నీటి మట్టం పెరిగి ఊట నోటినే వెనక్కి నొక్కుతుంది. నీళ్లకు దారులు బోలెడు. ఇక్కడ అడ్డం వస్తే రాయి వెనక ఇంకో సందు చూసుకుంటాయి. నెల తిరక్కుండా కుండీ ఖాళీ, పక్కనే పది గజాల దూరంలో నేల చిత్తడి. ఊట పోయిందని అప్పుడు అందరూ తలపట్టుకుంటారు. కుండీలోంచి నీళ్లు పోయే గొట్టం ఎప్పుడూ ఊట నోటి కంటే కిందే ఉండాలి. ఇంతే సూత్రం.

రెండోది ఒత్తిడి. ప్రతి 10 మీటర్ల దిగుడుకు పైపులో చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో ఒత్తిడి పెరుగుతుంది. ఆరు కిలోల ఒత్తిడి తట్టుకునే నల్ల పైపు వేసి, ఊట నుంచి ఊరికి 100 మీటర్ల దిగుడు ఉంటే, కింద కుళాయి కట్టేసిన రాత్రి పైపు పగులుతుంది. అందుకే మధ్యలో చిన్న తొట్టి కట్టి ఒత్తిడిని అక్కడ విడగొట్టాలి. పైపు దారిలో ఎగుడుదిగుళ్లు ఉంటే ఎత్తు దగ్గర గాలి చిక్కుకుని నీళ్లు ఆగిపోతాయి. దానికి గాలి పోయే వాల్వ్ కావాలి. పైపును భూమిలో రెండడుగుల లోతున పూడ్చకపోతే మార్చి, ఏప్రిల్‌లో పోడు మంటలకు, అడవి మంటలకు కరిగిపోతుంది. ఊరంతా చందాలేసుకుని తెచ్చుకున్న పైపు ఒక్క మధ్యాహ్నంలో మసి.

మూడోది ఇసుక ఫిల్టర్. నీళ్లు నెమ్మదిగా ఇసుక పొర గుండా దిగాలి. ఇసుక పై భాగంలో కొన్ని రోజులకు జిగురుగా ఒక పొర కడుతుంది. చూడ్డానికి మురికిలా ఉంటుంది కానీ, సూక్ష్మక్రిములను పట్టేది అదే. కొత్తవాళ్లు దాన్ని చూసి ఇసుకంతా తీసి కడిగేస్తారు. అలా చేయకూడదు. నీళ్లు మరీ సన్నబడినప్పుడు పైన కొద్దిపాటి పొర మాత్రం గీకేయాలి. ఫిల్టర్‌ను ఎండనివ్వకూడదు. తొలకరి వానలకు నీళ్లు బురదగా వస్తే, ఒకట్రెండు రోజులు ఊట నీటిని ఫిల్టర్‌లోకి పోనీకుండా బయటికి వదిలేయడం మేలు. ఊట నీళ్లు తేటగా ఉన్నాయంటే శుభ్రంగా ఉన్నట్టేనని కూడా అనుకోవద్దు. పై వాలులో పశువులు తిరిగినా, మనుషులు బహిర్భూమికి వెళ్లినా, వానతో పాటు అదంతా కిందికి దిగుతుంది. ఏజెన్సీలో వానలు మొదలవగానే వాంతులు, విరేచనాల కేసులు పెరగడానికి ఇదొక ముఖ్య కారణం. నీటి పరీక్ష కిట్లు వాడటంలో ప్రతి ఊళ్లో ఐదుగురు మహిళలకు శిక్షణ ఇవ్వాలని జల్ జీవన్ మిషన్‌లోనే ఉంది. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరో, కిట్ ఎక్కడుందో సచివాలయంలో అడిగి చూడండి.

ఒక బిందె, ఒక సెల్‌ఫోన్.. ఊటను కొలిచేద్దాం

ఇది ఎవరైనా చేయొచ్చు. ఊట ధార కింద 15 లీటర్ల బిందె పెట్టి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కండి. నిమిషంలో నిండిందనుకోండి. గంటకు 900 లీటర్లు, రోజుకు 21,600 లీటర్లు. మనిషికి 55 లీటర్ల చొప్పున 390 మందికి సరిపోతుంది. నిమిషానికి ఒక బిందె అంటే చూపుకు ఆనని ధారే. అదే ఒక మోస్తరు ఊరిని పోషిస్తుంది.

ఇప్పుడు అదే ఊట దగ్గర ఏప్రిల్ చివర్లో మళ్లీ కొలవండి. బిందె నిండటానికి ఐదు నిమిషాలు పట్టిందంటే రోజుకు 4,320 లీటర్లే. 78 మందికి మించి రాదు. పథకం కట్టేటప్పుడు చూడాల్సింది ఈ రెండో అంకె. నవంబర్‌లో వచ్చి, ధార చూసి మురిసిపోయి డిజైన్ గీసిన పథకాలు ఏప్రిల్‌లో ఎండిపోవడానికి ఇంతకు మించిన రహస్యమేం లేదు. ఇంకో సంగతి, ఆ సన్నటి ధార రాత్రి కూడా ఆగదు. పదింటి నుంచి తెల్లారి ఐదింటి దాకా ఏడు గంటల్లో 1,260 లీటర్లు ఎవరూ పట్టుకోకుండా పోతాయి. ట్యాంకు ఉంటే అదంతా పొద్దుటి నీళ్లే.

ఊటలు ఎందుకు సన్నబడుతున్నాయి?

ఇది మన్యం సమస్య ఒక్కటే కాదు. 2018లో నీతి ఆయోగ్ హిమాలయ ఊటల మీద ఒక నివేదిక ఇచ్చింది. దేశంలో 50 లక్షల దాకా ఊటలుంటే అందులో 30 లక్షలు హిమాలయ ప్రాంతంలోనే ఉన్నాయని, అక్కడ దాదాపు సగం ఎండిపోతున్నాయని అందులో ఉంది. దేశం మొత్తంలో సుమారు 20 కోట్ల మంది ఏదో ఒక రకంగా ఊటల మీద ఆధారపడ్డారని అంచనా.

కారణాలు ఒకటి కాదు. వాన పడే తీరు మారింది. నాలుగు రోజులు ముసురు పట్టి కురిస్తే నేల తాగుతుంది. అదే వాన రెండు గంటల్లో కుండపోతగా పడితే, పీట మీద నీళ్లు పక్కలకు జారిపోయినట్టు, వాలు వెంట కొట్టుకుపోతుంది. ఏజెన్సీలో ఏడాదికి 1,200 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. వాన తక్కువై కాదు, అది నేలలో దిగక ఇబ్బంది. పై వాలులో చెట్లు పోయి, ఆకు పొర పోయి, నేల గట్టిపడితే ఇంకా తక్కువ దిగుతుంది. ఇక రోడ్డు కోసం రాతిని పేల్చినప్పుడు పగుళ్ల దారులు మారిపోయి ఊట ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. ఆ ఊరికి రోడ్డు కూడా కావాలి మరి. రోడ్డు వద్దని ఎవరూ అనరు. ఎక్కడ పేలుస్తున్నారో, దాని కింద ఎవరి ఊట ఉందో ముందు చూసుకోవాలనే అనేది.

పోడు వల్లే అడవి పోయింది, ఊట పోయింది అని కింద కూర్చుని తీర్పు చెప్పడం తేలిక. పోడు కొట్టిన వాలుంది, కలప కోసం నరికిన వాలుంది, గనుల కోసం తవ్విన వాలూ ఉంది. మూడింటినీ ఒకే గాటన కట్టి, తప్పంతా అక్కడే బతికేవాళ్ల మీద వేయడం న్యాయం కాదు.

సిక్కిం చేసి చూపించింది

2008 ప్రాంతంలో సిక్కిం ప్రభుత్వం ‘ధార వికాస్’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. అక్కడ ఊటను ధార అంటారు. వాళ్లు ఊట దగ్గర సిమెంట్ పోయడం కాకుండా, ఆ ఊటకు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో ముందు వెతికారు. రాతి పొరల వాలు చూసి, పగుళ్ల దిశ చూసి, వాన నీరు దిగే చోటును గుర్తించారు. ఆ చోట, శిఖరానికి దగ్గర్లో, వాలుకు అడ్డంగా కందకాలు, చిన్న గుంటలు తవ్వారు. డబ్బు ఎక్కువ భాగం ఉపాధి హామీ నుంచే. వాన నీరు ఆ గుంటల్లో ఆగి, నెమ్మదిగా లోపలికి దిగింది. పదుల సంఖ్యలో ఊటలు ఎండాకాలంలో మళ్లీ పుంజుకున్నాయి. తర్వాత ఈ పద్ధతి ఉత్తరాఖండ్, మేఘాలయ లాంటి రాష్ట్రాలకు పాకింది. పుణెలోని ఆక్వాడామ్, డెహ్రాడూన్‌లోని పీపుల్స్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ లాంటి సంస్థలు పల్లె కుర్రాళ్లకే రాళ్లు చదవడం నేర్పించాయి.

మన దగ్గరా కందకాలు తవ్వుతున్నారు. కానీ ఎక్కడ? పని చూపించడానికి వీలుగా రోడ్డు పక్కన, వాలు తక్కువగా ఉన్నచోట తవ్వితే లెక్కలో క్యూబిక్ మీటర్లు పెరుగుతాయి, ఊటలో చుక్క పెరగదు. ఇందాక చెప్పుకున్నట్టు నీళ్లు దిగే చోటు అవతలి పంచాయతీలో ఉంటే ఇంకా చిక్కు. అక్కడి రైతు తన మెట్ట పొలంలో గుంటలు తవ్వనివ్వాలి, ఇవతలి ఊరికి నీళ్లు రావాలి. ఆయనకేం లాభం? దీనికి ఇంజినీరు జవాబు చెప్పలేడు. రెండూళ్ల పెద్దలు కూర్చోవాల్సిందే.

అడవిలోంచి పైపు వేయాలంటే పర్మిషన్ ఎవరివ్వాలి?

చాలా పథకాలు ఇక్కడ ఏళ్ల తరబడి ఆగిపోతాయి. ఊట రిజర్వు ఫారెస్టులో ఉంది, ఫారెస్టు వాళ్లు ఒప్పుకోవడం లేదు అనే మాట తరచూ వింటాం. 2006 అటవీ హక్కుల చట్టంలో దీనికి దారి ఉంది. సెక్షన్ 3(2) ప్రకారం తాగునీటి సరఫరా, నీటి పైపులైన్లు, చిన్న నీటి వనరులు లాంటి పనులకు ఒక్కో పనికి హెక్టారు లోపు అటవీ భూమి అయితే, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టాల్సిన అవసరం లేకపోతే, గ్రామసభ సిఫారసుతో అనుమతి ఇవ్వొచ్చు. సెక్షన్ 5 కింద నీటి వనరులను, అవి పుట్టే చోట్లను కాపాడుకునే అధికారం గ్రామసభకు ఉంది. 1996 పెసా చట్టం కూడా షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల నిర్వహణను పంచాయతీలకే అప్పగించింది. ఈ సెక్షన్ నంబర్ ఒక కాగితం మీద రాసుకుని గ్రామసభ తీర్మానంతో వెళ్తే మాట తీరే మారుతుంది.

కొండ నెత్తి మీద బాక్సైట్.. కింద వంశధార

ఇప్పుడు ఇందాక వదిలేసిన సంగతి. గోస్తనీ పుట్టే అనంతగిరి మండలంలోనే, గనుల లీజుల మీద మొదలైన పోరాటం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1997లో వచ్చిన సమత తీర్పు అదే. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని కోర్టు చెప్పింది. 2015లో చింతపల్లి వైపు బాక్సైట్ తవ్వకాల కోసం 1,212 హెక్టార్ల అటవీ భూమిపై జీవో 97 వచ్చింది. మన్యం భగ్గుమంది. చివరికి 2019లో ఆ జీవో రద్దయింది.

తవ్వకాల వల్ల నీటికి ఇబ్బంది లేదని, పైగా ఇంకా ఎక్కువ ఇంకుతుందని గనులను సమర్థించేవాళ్లు వాదిస్తారు. గోనెసంచి తీసేస్తే పీట మీద నీళ్లు ఎంతసేపు నిలుస్తాయో మీరే చూసుకోవచ్చు. కనీసం ఏ కొండ తవ్వితే కింద ఎన్ని ఊటలు, ఎన్ని ఊళ్లు అనే లెక్క లేకుండా ఇబ్బంది లేదని చెప్పడం మాత్రం సైన్స్ కాదు.

ఒడిశాలోని నియంగిరి కథ దేశమంతా విన్నదే. డోంగ్రియా కోంధులు తమ కొండను నియం రాజాగా కొలుస్తారు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలని చెప్పింది. ఆ జులై, ఆగస్టు నెలల్లో 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. అందులో కొన్ని ఊళ్లు మరీ చిన్నవి, వేళ్ల మీద లెక్కపెట్టే ఇళ్లు. ఇందులో మనకేం సంబంధం అంటారా? వంశధార పుట్టేది ఆ లాంజిగఢ్, నియంగిరి ప్రాంతంలోనే. శ్రీకాకుళం జిల్లాలో గొట్టా బ్యారేజీ కింద నాట్లు వేసే రైతు, ఆ కొండ మీది పది ఇళ్ల ఊరు ఒకే నీటికి రెండు చివరలు.

ఇప్పుడు కొత్తగా పంప్డ్ స్టోరేజ్ విద్యుత్ ప్రాజెక్టుల మాట వినిపిస్తోంది. కొండ మీద ఒక రిజర్వాయర్, కింద ఒకటి. కరెంటు మిగిలినప్పుడు నీళ్లు పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీస్తారు. అల్లూరి, పార్వతీపురం మన్యం జిల్లాల్లో ఇలాంటి ప్రతిపాదనలున్న చోట గిరిజనులు ఆందోళనలు చేస్తున్నారు. సోలార్, గాలి కరెంటు పెరిగేకొద్దీ ఇలాంటి నిల్వ అవసరమే, అందులో అబద్ధం లేదు. కానీ కొండలో సొరంగం తొలిస్తే పగుళ్లలోని నీళ్లు ఆ సొరంగంలోకే కారిపోయే ప్రమాదం ఉంది. ముందే ఊటలన్నీ కొలిచి రాసిపెట్టుకోకపోతే, రేపు ఊట ఎండిపోయినప్పుడు అది ముందు నుంచీ అంతే అని చెప్పి తప్పించుకోవచ్చు.

అందుకే ఒక పని ఇప్పుడు కీలకం. కేంద్ర జలశక్తి శాఖ దేశంలో తొలిసారిగా ఊటల గణన చేపట్టింది. చిన్ననీటి వనరుల గణనతో పాటే ఇదీ చేస్తారు. లెక్కలోకి ఎక్కిన ఊటకు రేపు ఒక పథకం అడగొచ్చు, నష్టం జరిగితే పరిహారం అడగొచ్చు. ఎక్కని ఊట కాగితం మీద లేనట్టే. మీది కొండ ఊరైతే, లేదా అక్కడ టీచర్‌గానో ఏఎన్ఎంగానో పనిచేస్తుంటే, మీ ఊట పేరు ఏంటి, ఎండాకాలంలో పారుతుందా, బిందె నిండటానికి నవంబర్‌లో ఎంతసేపు, ఏప్రిల్‌లో ఎంతసేపు, ఎన్ని ఇళ్లు వాడుతున్నాయి.. ఈ నాలుగు ముక్కలూ తేదీతో సహా పంచాయతీ రిజిస్టర్‌లో రాయించండి. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఒక ఫొటో తీసి పెట్టుకోండి. సిగ్నల్ లేకపోయినా పర్వాలేదు, జీపీఎస్ పనిచేస్తుంది.